పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది?

ఈ పేజీలో మేము మామూలుగా పసిపిల్లల టీకాల గురించో, షుగరు వాళ్ళ కాలి పుండ్ల గురించో రాస్తుంటాము. ఈసారి డబ్బు గురించి రాస్తున్నాము. నర్సులకు లెక్కలతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. వార్డులో ఏ మంచం ఖాళీగా ఉంది, ఏ సిలిండరు ఎంతసేపు వస్తుంది, ఎన్ని గ్లౌజులు మిగిలాయి అని రాత్రింబగళ్ళు లెక్క చూసుకునేది నర్సులే కదా.

సంగతి ఇది. మన ఆసుపత్రి కమిటీ ముందు రెండు దరఖాస్తులు ఉన్నాయి. ఒకటి కలర్ డాప్లర్ స్కానింగ్ మెషీన్. రెండోది మేము పెట్టినది: ఆపరేషన్ థియేటర్ పక్కనున్న పాత ఆటోక్లేవ్ తీసేసి కొత్తది, దానితోపాటు కాస్త పెద్ద జనరేటర్. కోశాధికారిగారు ఎంతో ఓపికగా ఒక కాగితం తయారుచేసి అందరికీ పంచారు. అందులో చివరి గడి పేరు ‘పే బ్యాక్’. స్కానింగ్ మెషీన్ ఎదురుగా ‘రెండున్నర సంవత్సరాలు’ అని ఉంది. ఆటోక్లేవ్ ఎదురుగా, జనరేటర్ ఎదురుగా ఏ అంకే లేదు. చిన్న అడ్డగీత ఉంది.

ఆ అడ్డగీత గురించే ఈ నాలుగు మాటలు.

పే బ్యాక్ పీరియడ్ అంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. మీలో చాలామంది ఆ పేరు తెలియకుండానే ఆ లెక్క వేస్తుంటారు. ఉదాహరణకు మన సంఘంలో ఒక తమ్ముడు మూడు లక్షలు పెట్టి ఆటో కొన్నాడనుకుందాం. పెట్రోలు, రిపేర్లు పోను రోజుకి 400 రూపాయలు మిగిలి, నెలకి 25 రోజులు తిప్పితే పదివేలు. మూడు లక్షలను పదివేలతో భాగిస్తే 30 నెలలు. రెండున్నరేళ్ళలో పెట్టిన డబ్బు చేతికొచ్చింది, ఆ తరవాత వచ్చేది లాభం. పెద్ద కంపెనీల వాళ్ళు కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఆసుపత్రుల వాళ్ళు కొత్త మెషీన్ కొనాలన్నా మొట్టమొదట వేసే లెక్క ఇదే. ఏది తొందరగా తిరిగొస్తే దానికి ముందు ఓటు.

మేము ఈ లెక్కకు వ్యతిరేకులం కాము. మన ఆసుపత్రిలాంటి చిన్న సంస్థకు చేతిలో డబ్బు తక్కువ. ఒకచోట ఇరుక్కుపోతే జీతాలకి ఇబ్బంది. పైగా వైద్య పరికరాలు తొందరగా పాతబడతాయి. డార్క్ రూములో ఎక్స్‌రే ఫిల్ములు డెవలపర్‌లో ముంచి తీసి, ఫిక్సర్‌లో ముంచి, తీగ మీద ఆరబెట్టిన రోజులు మాకు గుర్తున్నాయి. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. డిజిటల్ ఎక్స్‌రే వచ్చాక ఆ గదే అవసరం లేకపోయింది. అలా మారిపోయే వస్తువుల మీద పెట్టే డబ్బు తొందరగా తిరిగిరావాలని కోరుకోవడంలో తప్పులేదు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకున్న ఉపమానం మన సంఘాల వాళ్ళకి కొత్తా?

ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించుకోమంటారా అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. అలాంటివాటికి ఈ లెక్క చక్కగా పనికొస్తుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పీఎం సూర్య ఘర్ పథకంలో ఇళ్ళకు మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మొత్తం ఖర్చు రెండు లక్షలు అనుకోండి, సబ్సిడీ పోను 1,22,000. కరెంటు బిల్లులో నెలకి 1,500 తగ్గితే ఏడాదికి 18,000. అంటే సుమారు ఆరేళ్ళ తొమ్మిది నెలలకు మీ డబ్బు మీకు వస్తుంది. మీ బిల్లే నెలకి నాలుగైదు వందలైతే తొందరపడకండి. ఇందులో దాగున్న మతలబు ఏమీ లేదు.

మతలబు ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. మన కోనసీమ వాళ్ళకి కొబ్బరితోట, రొయ్యల చెరువు రెండూ తెలుసు. దేశవాళీ కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. రొయ్య నాలుగు నెలల్లో చేతికొస్తుంది. పే బ్యాక్ గడిలో అంకె రాస్తే చెరువు ముందు కొబ్బరి నిలవదు. అయితే ఆ గడి, డబ్బు తిరిగొచ్చిన రోజుతో ఆగిపోతుంది. ఆ తరవాత అరవై ఏళ్ళు కాసే చెట్టు దానికి కనపడదు. 1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి మన తీరమంతా చెరువులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఎంతమంది అప్పులపాలయ్యారో పెద్దవాళ్ళకి తెలుసు. చెరువు తవ్వినవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళని మా ఉద్దేశం కాదు. వాళ్ళు వేసిన లెక్కలో ఆ వైరస్‌కి గడి లేదు.

ఇంకో లోపం ఉంది. ఇది చీటీ కట్టేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. నెలకి ఐదువేల చొప్పున ఇరవైమంది కడితే లక్ష చీటీ. మొదటి నెలే పాడుకునేవాడు ఇరవైవేలు వదులుకుని ఎనభైవేలే తీసుకుంటాడు. ఎందుకు? ఈరోజు చేతిలో ఉన్న ఎనభైవేలు, ఇరవై నెలల తరవాత వచ్చే లక్ష కంటే అతనికి ఎక్కువ విలువైనవి. మామూలు పే బ్యాక్ లెక్క ఈ తేడా చూడదు. మొదటి ఏడు వచ్చే రూపాయి, ఐదో ఏడు వచ్చే రూపాయి దానికి ఒక్కటే. బ్యాంకు అప్పుతో మెషీన్ కొన్నప్పుడు ‘మూడేళ్ళలో తిరిగొస్తుంది’ అన్నది వడ్డీతో చూస్తే నాలుగేళ్ళు దాటవచ్చు. వడ్డీ తీసేసి వేసే లెక్కను డిస్కౌంటెడ్ పే బ్యాక్ అంటారని మన కోశాధికారిగారే మాకు చెప్పారు. వచ్చే కాగితంలో అలాగే వేస్తామని ఒప్పుకున్నారు కూడా. అందుకు వారికి మా కృతజ్ఞతలు.

ఇప్పుడు మేము సిగ్గుపడే సంగతి ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక ఆసుపత్రిలో (పేరెందుకు లెండి) రక్తపరీక్షల కోసం ఒక ఎనలైజర్ కొన్నారు. అంకెలు గుండ్రంగా చెబుతాము, లెక్క అర్థమవడానికి. ధర ఆరు లక్షలు. రోజుకి 30 పరీక్షలు, ఒక్కోదానికి 40 రూపాయలు మిగులు, నెలకి 25 రోజులు. నెలకి 30,000. ఇరవై నెలల్లో డబ్బు తిరిగొస్తుందని కాగితం మీద ఉంది. అందరం చప్పట్లు కొట్టాము. తీరా చూస్తే రోజుకి వచ్చేవి పద్నాలుగు. రీఏజెంట్లు ఆ కంపెనీవే కొనాలి. సీసా మూత తీశాక కొద్దిరోజుల్లో వాడకపోతే పారబోయాలి. మెషీన్‌కి ఏసీ గది, ఏడాది మెయింటెనెన్స్. పద్నాలుగు నలభైలు 560, నెలకి 14,000. అందులో మెయింటెనెన్స్‌కి, కరెంటుకి నాలుగువేలు పోతే మిగిలేది పదివేలు. ఇరవై నెలలు కాస్తా అరవై నెలలైంది.

అసలు సిగ్గు అది కాదు. లెక్క తప్పింది, ఎవరికైనా తప్పుతుంది. నెల తరవాత స్టాఫ్ రూములో ఒక చార్టు పెట్టారు. ఏ వార్డు నుంచి ఎన్ని శాంపిళ్ళు వెళ్ళాయో రోజూ రాయాలి. డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ‘సార్, ఈ పేషెంటుకి లివర్ టెస్టు రాయలేదు’ అని గుర్తుచేయమని నర్సులకి చెప్పారు. మేము గుర్తుచేశాము. మామూలు జ్వరంతో వచ్చిన ఒక మత్స్యకార కుటుంబం ఆవిడ మా చేతిలో డబ్బు పెడుతూ ‘ఇది తప్పదాండీ సిస్టరుగారూ?’ అని అడిగింది. ‘డాక్టరుగారు రాశారమ్మా’ అన్నాము. రాయించింది మేమే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ ఎనలైజర్ చెడ్డది కాదు, దానివల్ల మేలు పొందినవాళ్ళు ఉన్నారు. కానీ రోజుకి ముప్పై అని కాగితం మీద ఎప్పుడైతే రాశామో, ఆ ముప్పైని నింపే బాధ్యత పేషెంట్ల మీద పడింది.

అందుకే కొత్త స్కానింగ్ మెషీన్ ‘రెండున్నరేళ్ళ’ మీద మాకు ఒకే ప్రశ్న ఉంది. అందులో రోజుకి ఎన్ని స్కాన్లు వేశారు? ఇప్పుడు నిజంగా అవసరమై మనం బయటికి పంపిస్తున్నవాళ్ళ లెక్క రిజిస్టరులో ఉంది. ఆ అంకెతో వేస్తే నాలుగేళ్ళు వచ్చినా సరే, ఆ నాలుగేళ్ళనే రాద్దాం. అమలాపురం నుంచి, తుని నుంచి బస్సెక్కి వచ్చిన గర్భిణిని స్కాన్ కోసం మళ్ళీ ఇంకో చోటికి పంపడం మాకు మాత్రం ఇష్టమా? మెషీన్ కావాలి. లేని అవసరాన్ని పుట్టించే లెక్కతో మాత్రం వద్దు.

ఇక మా ఆటోక్లేవ్ సంగతి. దీనిని ప్రెషర్ కుక్కరుకి పెద్దన్న అనుకోండి. 121 డిగ్రీల ఆవిరి, చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు. నీళ్ళలో కాసేపు మరిగించినా చావని ధనుర్వాతం బీజాలు కూడా దీనిలో చస్తాయి. ఇప్పుడున్నది పాతది. తలుపు రబ్బరు అరిగి ఆవిరి కారుతుంది. మా అమ్మాయిలు పరీక్ష స్ట్రిప్పు సరిగా రంగు మారకపోతే మళ్ళీ మొదటినుంచి పెడుతున్నారు. ఇంతవరకు రాజీ పడలేదు. కానీ ఒక రోజులో చేయాల్సిన మూడు ఆపరేషన్లు రెండుకి తగ్గిపోతున్నాయి.

దీనికి పే బ్యాక్ ఎందుకు రాలేదంటే, ఆటోక్లేవ్‌కి బిల్లు వేయము. ఎవరూ ‘స్టెరిలైజేషన్ చార్జి’ కోసం ఆసుపత్రికి రారు. ఇక్కడ ఒక వింత చూడండి. ఆపరేషన్ కుట్టు చీము పట్టిందనుకోండి. ఐదురోజుల్లో ఇంటికి వెళ్ళాల్సిన తల్లి పన్నెండు రోజులు ఉంటుంది. మంచం అద్దె, యాంటీబయాటిక్‌లు, డ్రెస్సింగులు, అన్నీ బిల్లులో చేరతాయి. లెక్కపుస్తకంలో అది ఆదాయం కిందే కనపడుతుంది! పనికి వెళ్ళలేక ఆమె భర్త పోగొట్టుకున్న ఏడురోజుల కూలి, అన్నం క్యారియరు తెచ్చే అత్తగారి బస్సు చార్జీలు, పాలు సరిగా అందని బిడ్డ, ఇవేవీ మన పుస్తకంలో ఉండవు. శుభ్రత పెరిగితే ఆదాయం తగ్గినట్టు చూపించే లెక్కను పట్టుకుని మనం నిర్ణయం చేస్తే, దాన్ని నిర్ణయం అనవచ్చునా?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ వింత కొంత తిరగబడింది. 2024 నుంచి దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. అందులో ఒక్కో ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ కడతారు. కుట్టు చీము పడితే ఆ అదనపు రోజుల ఖర్చు ఆసుపత్రి నెత్తినే. అదే పుండు, అదే మంచం, అదే ఆటోక్లేవ్. చేతినుంచి డబ్బు కట్టే పేషెంటు అయితే చీము మనకి ఆదాయం, పథకం పేషెంటు అయితే చీము మనకి నష్టం. కాబట్టి పే బ్యాక్ ఎంత అని అడిగేముందు, తిరిగొచ్చేది ఎవరి జేబుకి అని అడగాలి. ఆటోక్లేవ్ పెట్టిన డబ్బు తిరిగివస్తుంది. చాలావరకు అది మీ జేబుల్లోకి వస్తుంది, మా గల్లాపెట్టెలోకి రాదు. అడ్డగీత బదులు ఆ గడిలో ‘పేషెంట్లకు’ అని రాయమని కోరాము.

జనరేటర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి ఈ జిల్లాలో ఉన్నవాళ్ళు ఎవరూ మరిచిపోరు. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడ్డాయి, కరెంటు స్తంభాలు సరేసరి. మేమప్పుడు కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులం. మేమున్న చోట జనరేటర్ కొనే మాట అంతకుముందే కమిటీలో వచ్చి, ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది గనక అని వాయిదా పడింది. ఆ రాత్రి రెండు టార్చిలైట్లు, ఒక ఎమర్జెన్సీ లైటు మధ్య సిజేరియన్ చేశారు. సక్షన్ కాలితో తొక్కాము. మర్నాటినుంచి ఆటోక్లేవ్ పనిచేయదు కాబట్టి పనిముట్లు కిరోసిన్ స్టౌ మీద మరగబెట్టాము. చాలదని తెలిసే మరగబెట్టాము. తల్లీబిడ్డా బతికారు, దేవునికి స్తోత్రం. ఏడాదికి ఎన్ని గంటలు అన్న ప్రశ్నకి ఆ రాత్రి గంటలే జవాబు.

ఇలా అన్నామని, లెక్క లేకుండా మంచి పేరుతో ఏదైనా కొనేయవచ్చని కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్‌కి ఎంత కటకట పడ్డామో మీకు తెలుసు. పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్లు పడుతుంది, నిమిషానికి పది లీటర్లు పెడితే 700 నిమిషాలు, అంటే పన్నెండు గంటలు కూడా రాదు. ఆ భయంలో చాలాచోట్ల కాన్సెంట్రేటర్లు తెప్పించారు, దాతలు ఇచ్చారు. ఆ తరవాత వాటి ఫిల్టర్లు మార్చడానికి, ఏడాదికోసారి సర్వీసుకి ఎవరూ డబ్బు కేటాయించలేదు. దుప్పటి కప్పుకుని మూలనున్న మెషీన్లు మేము చూశాము. కొనేటప్పుడు ధర ఒక్కటే కాకుండా ఏడేళ్ళ పోషణ కూడా రాసుకోవాలి. ఈ మాట మా ఆటోక్లేవ్‌కీ వర్తిస్తుంది, ఆ ఖర్చు మా దరఖాస్తులో రాశాము.

లెక్కల మాట వచ్చింది కాబట్టి మా నర్సులకి ఇష్టమైన ఒక సంగతి. మన డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశారు. 1970ల్లో కొత్త బ్యారేజీ పని మొదలై 1982లో పూర్తయ్యేదాకా మన అన్నం ఆ ఆనకట్ట నీళ్ళదే. అదే కాటన్ గట్టిగా సమర్థించిన తుంగభద్ర కాలువ, ఇప్పుడు కేసీ కెనాల్ అంటామే, అది మాత్రం తవ్విన కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వమే కొనుక్కోవాల్సి వచ్చింది. కంపెనీ మునిగింది, కర్నూలు కడప రైతులు ఆ నీళ్ళు ఈనాటికీ పారించుకుంటున్నారు. ఇండియాలో కాలువలు కావాలని ఇంగ్లండులో కూర్చుని 1870ల్లో వ్యాసాలు రాసినవాళ్ళలో, కాటన్‌కి ఉత్తరాలు రాసినవాళ్ళలో మా ఫ్లారెన్స్ నైటింగేల్ ఒకరు. నర్సు కాలువల జోలికెందుకు అని అప్పుడూ అని ఉంటారు. కరువుతో చచ్చేవాళ్ళు ఏ ఖాతాలో రాస్తారన్నదే ఆమె పట్టుదల.

ఇక మీతో ఒక మాట. స్కానింగ్ మెషీన్‌కి దాత దొరకడం తేలిక, దాని మీద అమ్మానాన్నల పేరు చెక్కించుకోవచ్చు. అందులో తప్పులేదు, ఆ ప్రేమను మేము గౌరవిస్తాము. ఆటోక్లేవ్ ఉన్న గదిలోకి మాత్రం మా అమ్మాయిలు తప్ప ఎవరూ రారు, పలక పెట్టినా చదివేవాళ్ళు లేరు. పంట పండుగకు, పిల్లల పుట్టినరోజులకు ఆసుపత్రికి కానుక ఇచ్చే కుటుంబాలు కవరు మీద ‘మెయింటెనెన్స్‌కి’ అని ఒక ముక్క రాస్తే ఆ డబ్బు విడిగా ఉంచుతామని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు.

పేషెంట్లకు కూడా. మా దగ్గర ఏ పరీక్ష రాసినా ‘ఇది ఎందుకండీ, దీనివల్ల మందు మారుతుందా?’ అని అడగండి. మా నర్సులను అడిగినా పరవాలేదు, విసుక్కోవద్దని చెప్పాము. విసుక్కుంటే ఆ సంగతి మా గదికి వచ్చి చెప్పండి.

కమిటీ ఈ నెలాఖరున కూర్చుంటుంది. ఒకేసారి రెండూ కొనే డబ్బు లేదు. తలుపు రబ్బరు మాత్రం ఈలోగా మార్పించమని ఆర్డరు పెట్టాము. కమిటీలో ఏం తేలిందో, మా మాట నెగ్గినా నెగ్గకపోయినా, వచ్చే సంచికలో రాస్తాము.

— నర్సింగ్ సూపరింటెండెంట్, కాకినాడ